కమాను అలిస్తే... బ్రేకు తడబడుతుంది!

బొర్రా గుహల దగ్గర బస్సు దిగి, కటికి జలపాతం చూడాలంటే జీపు ఎక్కాల్సిందే. వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడాలన్నా చాలామందికి జీపే దిక్కు. ఇక ఏజెన్సీ సంతలకు పసుపు, అల్లం, కాఫీ బస్తాలు మోసుకొచ్చే పికప్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రాళ్లు, గుంతలు, వాగులు, బురద... వాటికి ఇదే రోజువారీ రహదారి. ఇలాంటి బండ్లు తిరిగే ఊళ్లో ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా ఒక మాట మాత్రం తప్పకుండా చెవిన పడుతుంది.

‘‘అన్నా, వెనక బండి కూర్చుండిపోతోందని పోయిన నెల ఒక పట్టీ ఎక్కువ వేయించాను. ఎత్తు బాగానే లేచింది. కానీ ఇప్పుడు బ్రేకు సరిగ్గా పట్టట్లేదు. ఏంటంటావ్?’’

‘‘లైనర్లు అరిగిపోయుంటాయిలే తమ్ముడూ, మార్చేద్దాం.’’

లైనర్లు మారుస్తారు. డబ్బులు ఖర్చవుతాయి. బ్రేకు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే రోగం ఒకచోట, మందు మరోచోట. వెనక కమాన్లూ, వెనక బ్రేకులూ వేర్వేరు సామాన్లలా కనిపిస్తాయి గానీ నిజానికి అవి ఒకే కాడికి కట్టిన రెండెడ్లు. ఒకటి కుంటితే రెండోదానికీ నడక చెడుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది ఒకదాన్ని బాగుచేయించి, రెండోదాన్ని చెడగొట్టుకుంటున్నారు. మైదానంలో అయితే పెద్దగా తేడా తెలియకపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మాత్రం ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

కమాన్లు చేసే పని ఏంటి?

బొలేరో పికప్ కావచ్చు, పాత కమాండర్ జీపు కావచ్చు, 2020కి ముందు వచ్చిన థార్ కావచ్చు... వెనక వైపు కిందికి వంగి చూస్తే విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్టలు రెండు కనిపిస్తాయి. అవే కమాన్లు. పై పట్టీకి రెండు చివర్లా చుట్టలు ఉంటాయి. ముందు చుట్ట ఛాసిస్‌కి నేరుగా బిగించి ఉంటుంది. వెనక చుట్ట షాకిల్ అనే చిన్న ఊయలకి వేలాడుతుంది. గుంతలో పడ్డప్పుడు విల్లు సాగి పొడవవుతుంది కదా, ఆ పొడవుకి చోటివ్వడానికే ఆ ఊయల.

బరువు మోయడం కమాన్ల పనిలో సగమే. వెనక చక్రాల ఇరుసును, అంటే మెకానిక్కులు హౌసింగ్ అని పిలిచే దాన్ని, అటూ ఇటూ జరక్కుండా పట్టి ఉంచేది కూడా కమాన్లే. బ్రేకు తొక్కినప్పుడు చక్రం ఆగాలని చూస్తుంది, ఆ బలానికి హౌసింగ్ మొత్తం తిరగబోతుంది. దాన్ని తిరగకుండా ఆపేది ఈ పట్టీలే. కమాన్లు బలహీనమైతే బ్రేకు తొక్కిన ప్రతిసారీ అవి మెలికపడి, మళ్లీ విడుచుకుంటాయి. వెనక నుంచి దడదడమని వచ్చే ఆ వణుకును చాలామంది డ్రమ్ము లోపమనుకుంటారు.

షాకబ్జార్ల గురించీ ఒక మాట. వాటికి బరువు మోసే పని లేదు. కమాను ఊగుతుంటే ఆ ఊపును అణచడమే వాటి పని. అందుకే బండి వెనక కూర్చుండిపోయిందని షాకబ్జార్లు మార్పిస్తే ఎత్తు రాదు. షాకబ్జార్ ఒళ్లంతా నూనె కారి దుమ్ము ముద్ద కట్టి ఉన్నా, బండి వెనక భాగాన్ని గట్టిగా నొక్కి వదిలితే ఆగకుండా ఊగుతూ ఉన్నా అప్పుడు వాటిని మార్చాలి.

టేపు చాలు... జబ్బు తెలుస్తుంది

కమాన్ల ఆరోగ్యం తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. దర్జీ దగ్గరుండే టేపు చాలు. ఖాళీ బండిని చదును నేల మీద నిలపండి. టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు వెనక చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకూ ఎంత ఉందో రెండు వైపులా కొలవండి. ఒకవైపు బాగా తగ్గితే అటు కమాను అలిసిపోయిందనో, పట్టీ విరిగిందనో అర్థం.

రెండో కొలత ఇంకా ముఖ్యం. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకూ కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత? స్టీరింగ్ నిటారుగా పెట్టి కొలిస్తే రెండూ దాదాపు సమానంగా ఉండాలి. తేడా బాగా కనిపిస్తే హౌసింగ్ పక్కకు జరిగినట్టే. పట్టీలన్నింటినీ కలిపి గుచ్చి ఉంచే సెంటర్ బోల్ట్ తెగితే ఇలా జరుగుతుంది. అది ఊరికే తెగదు. కమానును హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులు వదులైతే బలమంతా ఆ సన్నని బోల్టు మీద పడుతుంది. అది తెగాక బండి పీత నడక నడుస్తుంది. ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు మరో దారి. ఆ స్థితిలో గట్టిగా బ్రేకు వేస్తే బండి తిన్నగా ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పట్టీ విరిగితే వెల్డింగ్ పెట్టించడం కొన్నిచోట్ల మామూలైపోయింది. అది ఎంతమాత్రం పనికిరాదు. కమాను ఉక్కుకు పదును పెట్టి ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ పదును చెడి, అతుకు పక్కనే పెళుసుబారి మళ్లీ విరుగుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు కొట్టి వదిలేసినా అంతే. లెక్క ప్రకారం చల్లార్చి, తిరిగి పదును పెట్టగలిగిన చోటయితేనే పాత కమానుకి వంపు పెట్టించాలి. లేదంటే కొత్త కమానే మేలు. అదీ జతగా. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది వేస్తే బండి ఒరిగే నడుస్తుంది.

ఎవరికీ కనిపించని చిన్న కడ్డీ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏ బండికైనా బ్రేకు వేయగానే బరువు ముందుకు తూగుతుంది. బస్సులో డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలినట్టే. దాంతో వెనక చక్రాలు తేలికవుతాయి. తేలికైన చక్రానికి బ్రేకు ఎక్కువైతే తిరగడం మానేసి జారుతుంది. వెనక చక్రాలు జారితే బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. అలాగని వెనక బ్రేకు తగ్గించేస్తే? బండి నిండా బస్తాలున్నప్పుడు బరువంతా వెనకే కదా, అప్పుడు ఆ బ్రేకు చాలదు.

ఈ చిక్కు తీర్చడానికి చాలా పికప్‌లలో ఒక చిన్న వాల్వు పెడతారు. దాన్ని ఛాసిస్‌కి బిగించి, దాని నుంచి ఒక కడ్డీనో స్ప్రింగునో హౌసింగ్‌కి కలుపుతారు. బరువు పడి ఛాసిస్ కిందికి దిగి హౌసింగ్‌కి దగ్గరైతే, ‘బండి నిండుగా ఉంది’ అని ఆ వాల్వుకి కబురందుతుంది. వెంటనే వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. దూరంగా ఉంటే, ‘బండి ఖాళీ’ అనుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. పాత జీపుల్లో ఈ వాల్వు ఉండకపోవచ్చు. కొన్ని కొత్త బండ్లలో ఏబీఎస్‌తో పాటు ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఈ పని జరుగుతుంది. కాబట్టి ముందుగా మీ బండిలో ఏ ఏర్పాటు ఉందో మాన్యువల్‌లో చూసుకోవాలి.

గమనించారా? వాల్వుకి కళ్లు లేవు. దానికి తెలిసింది దూరం ఒక్కటే. ఆ దూరాన్ని నిర్ణయించేది కమాను.

కమాను అలిసి కుంగిపోయిందనుకోండి. బండి ఖాళీగా ఉన్నా వాల్వు ‘నిండుగా ఉంది’ అనుకుంటుంది. వెనక బ్రేకు అతిగా పట్టి, వాన పడ్డ రోడ్డు మీద వెనక చక్రాలు జారతాయి. ఇక మన డ్రైవరు తమ్ముడిలా పట్టీ ఎక్కువ వేయించారనుకోండి. బండి నిండా సరుకు వేసినా ఛాసిస్ దిగదు. వాల్వు ‘ఖాళీ’ అనే అనుకుంటుంది. ఎక్కువ బ్రేకు కావాల్సిన సమయంలోనే వెనక బ్రేకు తక్కువ పనిచేస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. లైనర్లు ఎన్నిసార్లు మార్చినా బ్రేకు రాకపోవడానికి కారణం ఇదీ!

కాబట్టి కమాన్ల ఎత్తులో ఏ మార్పు చేసినా వాల్వు కడ్డీని కంపెనీ చెప్పిన కొలతకు సరిచేయించాలి. ఆ కొలత మోడల్‌ని బట్టి మారుతుంది. కంటి అంచనాతో తేలే పని కాదు. కడ్డీ విరిగితే తీగతో కట్టేయడం, వాల్వునే తీసేసి గొట్టాలు నేరుగా కలిపేయడం అసలే వద్దు. ఎత్తు పెంచిన బండిలో మరో ప్రమాదం కూడా ఉంది. ఛాసిస్ నుంచి హౌసింగ్‌కి వచ్చే రబ్బరు బ్రేకు గొట్టం పాత పొడవే ఉంటుంది. చక్రం లోతైన గుంతలోకి వేలాడినప్పుడు ఆ గొట్టం బిగుసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. జాకీ మీద చక్రాలు పూర్తిగా వేలాడేలా లేపి, గొట్టంలో ఇంకా కాస్త వదులుందో లేదో చూడాలి.

అసలు పట్టీ ఎక్కువ వేయించడమెందుకు? మోయకూడనంత బరువు మోయడానికే కదా! పట్టీ పెరిగినంత మాత్రాన బ్రేకు పెరగదు, ఇరుసు బలం పెరగదు. ఆర్సీలో రాసిన బరువే ఆ బండి హద్దు. అది దాటితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ మరో 2,000 రూపాయలు.

అడుసు తొక్కక తప్పదు మరి!

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కొండ దారుల్లో తిరిగే బండికి అడుసు తొక్కక తప్పదు. అందుకే కాలు కడగడం తెలిసుండాలి.

హౌసింగ్ పైన వేలెడంత గాలి గొట్టం ఒకటి ఉంటుంది. బ్రీదర్ అంటారు. లోపలి గేర్ ఆయిల్ వేడెక్కినప్పుడు గాలి వ్యాకోచించి దాని గుండా బయటకు పోతుంది. బురద ఎండి ఆ రంధ్రం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, దారి వెతుక్కుంటూ నూనె చక్రాల వైపు తన్నుకొస్తుంది. ఆయిల్ సీలు దాటి నేరుగా డ్రమ్ములోకి, బ్రేకు షూల మీదికి చేరుతుంది. ఇంకేముంది, నూనె పట్టిన లైనరు డ్రమ్మును ఎలా పట్టుకుంటుంది? బ్రేకు వేస్తే బండి ఒకవైపు లాగుతుంది.

వాగులో దిగినప్పుడు దీనికి వ్యతిరేకం. కాగిన హౌసింగ్ చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లను పీల్చుకుంటుంది. గేర్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా మారితే నీళ్లు చేరాయని గుర్తు. వెంటనే మార్చేయాలి. కొత్త సీలు వేసే ముందు బ్రీదర్‌ను శుభ్రం చేయకపోతే ఆ సీలు కూడా ఎన్నాళ్లో నిలవదు.

చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే అది ఏ నూనో తేల్చుకోవాలి. చిక్కగా ఉండి, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, అంటే ఆయిల్ సీలు పోయింది. పలచగా ఉండి, రంగును తినేస్తుంటే బ్రేకు ఆయిల్, అంటే వీల్ సిలిండర్ లీకవుతోంది. రెండింటికీ మందు వేరు. నూనె పీల్చిన లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం మాత్రం వద్దు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. ఎడమా కుడీ రెండు వైపులా షూలు మార్చాల్సిందే.

ఏది ముందు, ఏది తర్వాత?

ఈ పనిలో వరసే ముఖ్యం. ముందు బ్రేకు, తర్వాత కమాను చేయిస్తే బ్రేకు పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

మొదటిది, భద్రత. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే బండి కిందికి దూరాలి. ఒట్టి జాకీనీ, పేర్చిన ఇటుకలనీ నమ్ముకోవద్దు.

రెండోది, కమాన్లు. విరిగిన పట్టీలు, అరిగిన బుష్‌లు, షాకిళ్లు మార్చాలి. విప్పిన యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. ఒకసారి సాగిన బోల్టు మునుపటిలా బిగువు పట్టదు. కొత్తవి నాలుగు మూలలా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ చెప్పిన బిగువుకు తేవాలి. రబ్బరు బుష్ బోల్టులను చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే చివరిసారి బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలికపడి త్వరగా చిరుగుతుంది.

మూడోది, బ్రీదర్, ఆయిల్ సీళ్లు. నాలుగోది, డ్రమ్ములు. డ్రమ్ము లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి. డ్రమ్ము ఎంతవరకూ అరగొచ్చో చాలా డ్రమ్ముల మీద అంకె పోతపోసి ఉంటుంది. అది దాటితే లేత్ పట్టించినా లాభం లేదు. తర్వాత షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేయాలి. ఈ పని మానేసి హ్యాండ్ బ్రేక్ తీగను బిగించేస్తే లివర్ పైకి గట్టిగానే అనిపిస్తుంది, పెడల్ మాత్రం లోతుకే పోతుంది.

అయిదోది, వాల్వు కడ్డీ కొలత. చిట్టచివర బ్రేకు ఆయిల్, గాలి తీయడం. చాలా బండ్లలో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెడతారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. హౌసింగ్ వేలాడుతుంటే వాల్వు ‘ఖాళీ’ అనుకుని వెనకకు వెళ్లే దారిని బిగపట్టేస్తుంది. గాలి పూర్తిగా రాదు. అందుకే చక్రాల మీద బరువుండగానే గాలి తీయాలి.

ఆయిల్ పాతదైతే ఘాట్‌లో గండమే

రెండున్నర టన్నుల బండి 900 మీటర్ల ఎత్తు నుంచి మైదానానికి దిగుతుందనుకుందాం. ఆ దిగుడు శక్తినంతా బ్రేకులతోనే ఆపితే పుట్టే వేడి, సుమారు 70 లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది! అంత వేడి చిన్న డ్రమ్ముల్లో, డిస్కుల్లో పుడితే బ్రేకు ఆయిల్ కాగకుండా ఉంటుందా?

కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది, ఒత్తిడిని చక్రం దాకా చేర్చదు. పెడల్ ఒక్కసారిగా నేలకంటుతుంది. కాబట్టి రంగు బాగానే ఉందని ఊరుకోకుండా మాన్యువల్ చెప్పిన గడువుకి, సాధారణంగా రెండేళ్లకోసారి, ఆయిల్ మార్చాలి.

ఎంత మంచి బ్రేకైనా ఒంటరిగా ఘాట్ దించలేదు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, బంగారం లాంటి మాట. డీజిల్ ఆదా అని న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపి దిగడమంటే చావుతో చెలగాటమే. ఇంజిన్ ఆగితే పెడల్‌కి బలమిచ్చే బూస్టర్ కూడా రెండు మూడు నొక్కులకే నీరసిస్తుంది. వాగు దాటాక వెంటనే వేగం పెంచకుండా, నెమ్మదిగా వెళుతూ పెడల్‌ను పలుమార్లు తేలిగ్గా నొక్కితే తడిసిన లైనర్లు ఆరతాయి.

బండి షెడ్డులోంచి రాగానే సరుకెత్తకండి. ముందు ఖాళీ మైదానంలో నెమ్మదిగా, తర్వాత కాస్త వేగంగా బ్రేకు వేసి చూడండి. తిన్నగా ఆగాలి. ఆ తర్వాత కొంత బరువు వేసి మళ్లీ చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మరోసారి బిగించాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

ప్రయాణికులూ చూడొచ్చు

బండి మీది కాకపోయినా ప్రాణం మీదే కదా! జీపు మాట్లాడుకునే ముందు రెండు నిమిషాలు వెనక నిలబడి చూడండి. బండి ఒకవైపు ఒరిగి ఉందా? వెనక టైర్ల లోపలి వైపు నూనె మరకలున్నాయా? కమాను కట్టలో విరిగిన పట్టీ బయటకు పొడుచుకొచ్చిందా? వాలులో హ్యాండ్ బ్రేక్ మీద బండి నిలుస్తోందా? అనుమానంగా ఉంటే ‘‘అన్నా, ఒకసారి చూసుకోవా’’ అని అడగడంలో తప్పేం లేదు. మంచి డ్రైవరు కోప్పడడు. పైకప్పు మీదా, ఫుట్‌బోర్డు మీదా ఎక్కించుకుంటుంటే మాత్రం ఆ బండి వదిలేసి, తర్వాతి బండి కోసం ఆగండి. కొండ ఎక్కడికీ పోదు, జలపాతమూ ఎక్కడికీ పోదు.